వెచ్చని చిల్లర

2009 జూలై 14, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఏలూరు బస్టాండులో కైకలూరు బస్సు ఎక్కి కూర్చున్నాను. ఆకాశం మూసుకొని ఉన్నది. పడమటి గాలి వీస్తున్నది గాని చినుకు లేదు. టిక్కెట్టు పదహారు రూపాయలు. నేను యాభై రూపాయల నోటు ఇచ్చాను. కండక్టరు టిక్కెట్టు వెనుక ముప్పై నాలుగు అని వ్రాసి, దిగేటప్పుడు అడగమన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఏవండీ, మీరు పదో తారీకు అమ్మగారి తాలూకు కదండీ? బస్సెక్కించడానికి వచ్చేవారు. అమ్మగారు కనబడ్డం లేదేంటండీ ఈమధ్య?"

"జూన్ ఒకటో తేదీన పోయింది" అన్నాను.

అతడు పైనున్న కమ్మీ పట్టుకున్నాడు. తరువాత టిక్కెట్ల సంచీలో కాక చొక్కా జేబులో చెయ్యి పెట్టి నాలుగు రూపాయి బిళ్ళలు తీశాడు.

"మే నెల్లో ఎక్కినప్పుడు ఇరవై నోటిచ్చారండి. నా దగ్గర చిల్లర లేదు. ఎప్పుడూ సరిగ్గా తెచ్చే మనిషి, ఆవేళే తేలేదు. వెనకాల రాస్తానమ్మా అంటే, వద్దు బాబూ, ఉండనివ్వు, మళ్ళీ వస్తాగా అన్నారు. సంచీలో వేస్తే డిపోకి పోతాయని విడిగా ఉంచానండి."

ఆ బిళ్ళలు పుచ్చుకున్నాను. ఆమెకు సంబంధించిన లెక్క జూన్ 11వ తేదీతో ముగిసినదని భావించి నేను ఒక మొత్తం వేసి ఉంచాను. అది తప్పని బస్సులో తేలింది. ఈ నాలుగు మాటలూ వ్రాయడానికి కారణం అదే.

ఆమె మా తమ్ముడి భార్య. పుట్టినది తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల వ్యాపారుల ఇంట. మెట్టినది కైకలూరు దగ్గరి పల్లె. పుట్టుక, చదువు, వివాహం తేదీలు చర్చి సంఘం రిజిస్టరులో ఉన్నాయి కనుక ఇక్కడ వ్రాయను. నేను సహకార శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు తనిఖీ చేసి పదవీవిరమణ పొందినవాడను. మనుషులను వర్ణించడం నాకు అలవాటు లేదు. చూసినది వ్రాయగలను.

తలచుకోగానే నాకు మొదట కనిపించేది మూసి ఉన్న ఆమె ఎడమ పిడికిలి. బస్సు రాకముందే టిక్కెట్టు డబ్బు అందులో ఉండేది. కైకలూరులో ఎక్కినది మొదలు కండక్టరు తన వరుస దగ్గరికి వచ్చేదాకా ఆ చెయ్యి విప్పేది కాదు. "అమ్మగారి చిల్లర కాగిన చిల్లరండీ, పట్టుకుంటే చెయ్యి కాలుద్ది" అని ఇదే కండక్టరు నా ఎదుట ఒకసారి అన్నాడు. కొట్టుకు వెళితే ముందు డబ్బు బల్లమీద పెట్టి దానిమీద అరచెయ్యి ఉంచేది. సరుకు వచ్చిన తరువాత చెయ్యి తీసేది. ఇరుగుపొరుగుకు పంచదార, కాఫీపొడి, కరివేపాకు ఎప్పుడడిగినా ఇచ్చేది. తాను మాత్రం ఒక రెమ్మ కరివేపాకు కూడా అడిగి తెచ్చేది కాదు. పక్కింటావిడ ఒకనాడు దెప్పింది.

"ఏం వదినా, మా ఇంటి పంచదార తియ్యగా ఉండదా?"

"ఉంటుంది వదినా. తిరిగిచ్చేటప్పుడే చేదుగా ఉంటుంది" అన్నది ఆమె.

ఆమె మొదటినుంచీ ఇలా ఉన్న మనిషి కాదు. పుట్టింట్లో బస్తాలకు బస్తాలు అరువు మీద కదలడం చూస్తూ పెరిగినది. మెట్టినింట మా తమ్ముడికి కొల్లేరులో ఆరెకరాల చేపల చెరువు కౌలుకు ఉండేది. బొచ్చె, శీలావతి పెంచేవాడు. ఆ వ్యాపారంలో ఒక పద్ధతి ఉన్నది. తవుడు, వేరుసెనగ చెక్క అమ్మే కొట్టువాడు పంట కాలమంతా మేత అరువు ఇస్తాడు. మధ్యలో చీటీ పంపుతాడు గాని డబ్బు అడగడు. చెరువులో వల లాగి చేప పట్టిన రోజున గట్టుమీదికి వచ్చి, లెక్క చూసి, చివరి చిల్లర కొట్టివేసి, మిగిలినది పుచ్చుకొని వెళతాడు. మా తమ్ముడికి అప్పు అంటే తెలిసినది అదొక్కటే.

2004లో టై కట్టుకొన్న ఒక కుర్రవాడు వచ్చి తమ్ముడికి క్రెడిట్ కార్డు ఇప్పించాడు. తమ్ముడు దానిమీద పద్నాలుగు వేలు పెట్టి చెరువుకు డీజిల్ ఇంజను, తొమ్మిది వేల ఆరువందలు పెట్టి ఇంటికి ఫ్రిజ్ కొన్నాడు. మేతకోసమని ఏలూరు ఏటీఎంలో పదిహేను వేలు తీశాడు. వెరసి ముప్పై ఎనిమిది వేల ఆరువందలు. నెలనెలా వచ్చిన కవర్లను కొట్టువాడి చీటీల వంటివే అనుకొని తీగకు గుచ్చి ఉంచాడు. మరుసటి జనవరిలో చేప పట్టిన మర్నాడు నోట్లకట్ట సంచీలో పెట్టుకొని ఏలూరులో ఆ బ్యాంకుకు వెళ్ళి, మేనేజరు ఎదుట కూర్చుని, "లెక్క చూసి రౌండు చేసెయ్యండి సార్, పైన చిల్లర కొట్టెయ్యండి" అన్నాడు. మేనేజరు నవ్వలేదట. కార్డుల లెక్క తమవద్ద ఉండదని, వడ్డీ, ఆలస్యానికి జరిమానా ఎప్పటికప్పుడు పడుతూనే ఉంటాయని, కనీసం కట్టవలసినదని ఒక అంకె ఉంటుందని, అది కడుతూ ఉంటే ఇబ్బంది ఉండదని చెప్పాడు. ఆ చివరి మాట తమ్ముడికి నచ్చింది. తెచ్చిన డబ్బులో ఆ కాస్త కట్టి, తక్కినది మళ్ళీ చెరువులో పెట్టాడు. కొన్నాళ్ళకు ఆ కాస్త కట్టడానికే ఇంకొక కార్డు తీసుకున్నాడు. 2006 వేసవిలో ప్రభుత్వంవారు కొల్లేరు సరస్సులోని చెరువుల గట్లు యంత్రాలతో తెగగొట్టారు. తమ్ముడి చెరువు అందులో పోయింది.

ఆ జూలై 8వ తేదీ శనివారం మధ్యాహ్నం ఆమె ఒక్కతే మా ఇంటికి వచ్చింది. తీగకు గుచ్చిన కవర్లన్నీ సంచీలో ఉన్నాయి. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. ఆమె తాగలేదు.

"బావగారండీ, ఇందులో మనం తిన్నదెంతో, వాళ్ళు వేసిందెంతో విడదీసి చెప్పండి."

సాయంత్రం దీపాలు పెట్టే వేళదాకా చూశాను. రెండు కార్డులమీద కలిపి ఆ రోజుకు డెబ్బై ఒక్క వేల నాలుగువందల ఎనభై రూపాయలు తేలింది. అంతవరకు కట్టినది పదకొండు వేల ఐదువందలు.

"అయితే ఆయన కట్టిందంతా ఎటు పోయిందండీ?"

"వడ్డీకే చాలలేదమ్మా."

ఆమె కవర్లన్నీ మళ్ళీ తీగకు గుచ్చింది. "అంటే చెరువుకి గండి పడితే, ఆ గండి వదిలేసి గట్టుమీద గడ్డి పీకుతూ కూర్చున్నామన్నమాట" అన్నది.

నా దగ్గర ఫిక్సెడ్ డిపాజిట్ ఉన్నదని, దానిని తీసి ఈ బాకీ కట్టివేద్దామని, నాకు మెల్లగా వడ్డీ లేకుండా తీర్చవచ్చునని చెప్పాను. లెక్క ప్రకారం అదే సరియైన పని. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వాళ్ళకి బాకీ ఉంటే ఫోను పెట్టెయ్యొచ్చండి. మీకు బాకీ ఉంటే మీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగలేనండి. నాకీ ఇల్లొకటి మిగలనివ్వండి."

అప్పుడు చల్లారిన కాఫీ తాగింది.

ఏర్పాటు ఇది. ప్రతినెలా పదవ తేదీన ఆమె నాలుగు వేల ఐదువందలకు తగ్గకుండా తెస్తుంది. నేను నా ఖాతామీద రెండు చెక్కులు వ్రాసి బ్యాంకు పెట్టెలో వేస్తాను. కార్డులు రెండూ నా బీరువాలో ఉంటాయి. డబ్బు నేను లెక్కపెట్టి, సరిపోయినదని పైకి అనేదాకా ఆమె నన్ను చెక్కుపుస్తకం తెరవనిచ్చేది కాదు. తమ్ముడు చేపల ప్యాకింగు షెడ్డులో కాటా దగ్గర గుమస్తాగా చేరాడు. ఆమె రొయ్యల పచ్చడి పెట్టి సీసాలలో అమ్మేది. నోట్లకు ఆ నూనె వాసన ఉండేది. పచ్చడికి ముందుగా డబ్బు ఇవ్వబోతే తీసుకునేది కాదు.

"అడ్వాన్సు పుచ్చుకుంటే మీకు పచ్చడి బాకీ పడినట్టే కదండీ. సీసా అయ్యాక రండి."

వసూలు చేసేవాళ్ళ ఫోన్లు తమ్ముడి సెల్లుకు వచ్చేవి. అతడు వాటిని ఎత్తలేక చెరలో పడినవాడిలా తిరుగుతుంటే, ఆ సెల్లు ఆమె తీసుకుంది. ఒక పదో తేదీన మా ఇంట్లో ఉండగానే మోగింది. అవతలి గొంతు నా కుర్చీదాకా వినిపించింది. ఇంటిమీదికి మనుషులను పంపుతామని, సామాను వీధిలో వేయిస్తామని అరుస్తున్నాడు.

"భోంచేశారా బాబూ?" అన్నది ఆమె.

 అవతల మళ్ళీ అరుపు.

"కాదు బాబూ, పొద్దుటాల నుంచీ అరుస్తున్నారు కదాని అడిగానండి. పదో తారీకున కడతామని చెప్పాను, ఇవాళ పదో తారీకు, కట్టడానికే వచ్చాను. వచ్చే నెల కూడా పదో తారీకునే కడతాను. ఈలోగా మీరెన్నిసార్లు చేసినా పదో తారీకు ముందుకి జరగదు కదండీ. మనుషుల్ని పంపిస్తానంటే పంపించండి, ఎంతమందో ముందు చెప్పండి, అన్నం ఎక్కువ వండాలి."

ఆమె ఫోను పెట్టివేసింది. ఆ చెయ్యి ఒడిలో పెట్టుకొని రెండవ చేత్తో మూసింది. నేను చెక్కు మీద తేదీ వేశాను.

ఇంకొక సందర్భం 2007 డిసెంబరు 2వ తేదీ ఆదివారం, కోతల పండుగ. ఆ పల్లెలోని మా చర్చిలో ఆ రోజున విశ్వాసులు తెచ్చిన గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కోళ్ళు ఆరాధన తరువాత వేలం వేస్తారు. కాయ ధర ఇరవై అయితే పాట రెండు వందలు పోతుంది, అది దేవుని సొమ్ము గనుక. పాడినవారు వెంటనే ఇవ్వనక్కరలేదు, వీలుచూసుకొని ఇస్తారు. చెరువు ఉన్న రోజులలో తొలి పాట ఎప్పుడూ మా తమ్ముడిదే. చర్చి లెక్కలు చూసేవాడిని గనుక ఆ రోజు నేను బల్లదగ్గర కూర్చున్నాను. సంఘపెద్ద గుమ్మడికాయ ఎత్తి పట్టుకున్నాడు.

"తొలికాయ! యాభై! యాభై అన్నారు, అంతేనా?"

"రెండొందలు" అన్నాడు మా తమ్ముడు, మగవాళ్ళ వైపునుంచి.

"అద్దీ! పాత రోజులొచ్చాయిరోయ్" అన్నారెవరో. ఇంకొకరు మూడువందలన్నారు. తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"ఐదొందలు!"

ఆడవాళ్ళ వైపునుంచి ఆమె లేచింది. "పెద్దగారండీ, ఒక్కమాటండి."

"ఏంటమ్మా, మీ ఆయనమీద నువ్వు పాడతావా ఏంటి?" అందరూ నవ్వారు.

"పాడనండి. అడుగుతున్నానండి. ఈ పాట చేతిలో డబ్బుకాండీ, వచ్చే ఆదివారానికాండీ?"

నవ్వు ఆగిపోయింది. క్రిందటి సంవత్సరపు పాటల బాకీ అక్కడ కూర్చున్నవారిలో చాలామందికి ఉన్నది.

"అదేంటమ్మా, ఎప్పుడూ ఉన్నదే కదా. వీలున్నప్పుడు..."

"వీలున్నప్పుడైతే మా ఆయన పాట తీసెయ్యండి. చేతిలో డబ్బుకైతే మా ఇంటి పాట ఇరవై రూపాయలండి." పిడికిలి విప్పి చూపించింది. మడిచిన పదిరూపాయల నోట్లు రెండు.

ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలావిడ వెనక్కి తిరిగింది. "దేవుడి దగ్గర కూడా బేరమేంటే పిల్లా?"

"బేరం కాదు పిన్నీ. ఆయనక్కూడా బాకీ పడితే నేను ఏ పదో తారీకున కట్టను?"

పాస్టరు అయ్యగారు బైబిలు మూసి, ఈ యేడు చేతిలో ఉన్న డబ్బుకే పాడుకుందామన్నారు. గుమ్మడికాయ డెబ్బై రూపాయలకు వేరొకరికి పోయింది. క్రిందటి సంవత్సరం పాటలు మొత్తం ఆరువేల తొమ్మిదివందలు, అందులో నాటికి రానిది నాలుగు వేల రెండువందల డెబ్బై. ఆ సంవత్సరం రెండువేల మూడువందల నలభై. ఒంటిగంటకల్లా అదంతా బల్లమీద ఉన్నది.

మా తమ్ముడు ఆ మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. ఆమె కంచం మూసిపెట్టి, తానూ తినలేదు. ఆ నెల పదవ తేదీన మా ఇంటికి ఇద్దరూ కలిసి వచ్చారు. డబ్బు అతడి చేతిలో ఉన్నది. డబ్బు కట్టడానికి అతడు రావడం అదే మొదటిసారి. లెక్కపెట్టడం పూర్తయ్యేదాకా నిలబడే ఉన్నాడు.

2008 ఏప్రిల్ 10, గురువారం, కడపటి చెక్కు. ఇరవై ఒక్క నెలలలో కట్టినది తొంభై ఏడువేల ఎనిమిదివందల యాభై. ముందటితో కలిపి లక్షా తొమ్మిది వేల మూడువందల యాభై. తిన్నది ముప్పై ఎనిమిది వేల ఆరువందలు. ఆ రోజున ఆమె కావలసినదానికంటే కొంచెం ఎక్కువ తెచ్చింది. ఎక్కువైనదని చెప్పినా కట్టమన్నది. మరుసటి నెల వచ్చిన కాగితంలో అంకె తిరగబడి ఉన్నది.

"అంటే వాళ్ళే మనకి రెండొందల పదమూడు రూపాయలు బాకీనా అండీ?"

"అవునమ్మా. వ్రాసి తెప్పించుకోవచ్చు."

"వద్దండీ, ఉండనివ్వండి కొన్నాళ్ళు" అని నవ్వింది. ఆ రెండేళ్ళలో ఆమె నవ్వగా నేను చూసినది అదొక్కసారి. కార్డులు రద్దుచేయమని నేను వ్రాసేలోగా బ్యాంకువారు సంవత్సరపు రుసుము క్రింద ఆ సొమ్ము జమకట్టుకున్నారు. ఆ సంగతి చెప్పాను.

"తినేశారా అండీ? పోనీలెండి. మనం తిన్లేదు కదా."

అప్పటినుంచి ఆమెకు కొత్త అలవాటు వచ్చింది. బాకీ లేకపోవడం ఆమెకు చాలలేదు. పాలమనిషికి నెల మొదలు కాకముందే ఇచ్చేది. ఇస్త్రీ అతనికి బట్టలు వెయ్యకముందే ఇచ్చేది. ఆకుకూరల మనిషి చిల్లర లేదంటే, రేపటి తోటకూరకి ఉంచుకోమనేది. తమ్ముడు విసుక్కునేవాడు.

"ఏంటే ఇది, ఊరందరికీ మనం అప్పులివ్వడమేంటి?"

"అప్పు కాదండీ. పొద్దున్నే ఎవరు తలుపు కొట్టినా ఇవ్వడానికొచ్చారనుకుంటే నిద్ర పడుతుందండి."

2009 మే 26న జ్వరంతో ఏలూరు వచ్చింది. బస్సులోనే వచ్చింది. ఊపిరితిత్తులకు నిమ్ము పట్టిందన్నారు. ఆసుపత్రిలో కట్టవలసినది చేరేటప్పుడే కట్టింది. ఆ లెక్క అక్కడికక్కడ సరిపోయింది. జూన్ 1, సోమవారం ఉదయం ఐదున్నరకు పోయింది. నేను వరండాలో ఉన్నాను. లోపలికి వెళ్ళేసరికి నర్సు గడియారం చూసి వ్రాసుకుంటున్నది. ఆ సమయం నా గడియారంతో సరిచూశాను. ఆ తరువాత నేనేమి చేశానో నాకు సరిగా జ్ఞాపకం లేదు.

జూన్ 11, గురువారం జ్ఞాపకార్థ కూడిక. ప్రార్థన అయిన తరువాత మా తమ్ముడు లేచాడు. ఎన్నడూ నలుగురిలో మాట్లాడినవాడు కాదు.

"ఆవిడ ఎవరికైనా ఇవ్వాల్సుంటే ఇక్కడే చెప్పండి. నేనిస్తాను."

 వెనుకనుంచి పాలమనిషి లేచింది.

"ఇవ్వాల్సింది కాదండి. నా దగ్గరే ఉండిపోయాయండి. పద్దెనిమిది రోజుల పాలు పొయ్యలేదండి." కొంగుముడి విప్పి నూట అరవై రెండు రూపాయలు బల్లమీద పెట్టింది. దర్జీ రెండు జాకెట్ల గుడ్డ, కుట్టుకూలి ఎనభై తెచ్చాడు. ఇంకా కత్తెర పెట్టలేదన్నాడు. పచ్చడికి రొయ్యలు తెచ్చే ఆమె నూటయాభై ఇచ్చింది. ఇస్త్రీ అతను ఇరవై ఐదు. ఆటో అతను పదిహేను ఇచ్చి, బస్టాండునుంచి తిరుగు ప్రయాణానికి ముందే ఇచ్చిందని చెప్పాడు. చివరికి ఆకుకూరల మనిషి పదిరూపాయల నోటు పట్టుకొని, ఇది ఎవరికివ్వాలండీ అని అడిగింది. మా తమ్ముడు చెయ్యి చాపలేదు. నేను పుచ్చుకున్నాను. నాలుగు వందల నలభై రెండని వేసి, క్రింద గీత గీశాను.

జూలై 14న కైకలూరులో దిగేటప్పుడు కండక్టరు నా ముప్పై నాలుగు రూపాయలూ ఇచ్చాడు. అవి నావి, వేరుగా జేబులో వేసుకున్నాను. ఆ నాలుగు బిళ్ళలూ దారి పొడుగునా నా చేతిలోనే ఉండిపోయిన సంగతి దిగిన తరువాత తెలిసింది. తమ్ముడి ఇంటికి వెళ్ళి అతడి చేతిలో పోశాను.

"వేడిగా ఉన్నాయేంటన్నయ్యా?" అన్నాడు.

నేను లెక్క దిద్దాను. ఆమె ఎవరికీ బాకీ లేదు. ఆమెకు ఊరినుంచి వచ్చినది మొత్తం నాలుగు వందల నలభై ఆరు రూపాయలు.